రెండుసార్లే అడిగిన ఏజెంటు

లింగ్‌స్టాడ్, మిన్నెసోటా
సెప్టెంబరు 16. ఉదయం ముసురు. చూరు గొట్టాల్లో ఆకులు తీశాను.

టిడ్‌వెల్ అమ్మగారికి, ఎల్మర్ స్కోగ్లండ్ రాయడం ఏమనగా:

నిన్న ఆల్డర్ వీధిలో పసుపు రంగు ఇంటి గుమ్మంలో మీరు నన్ను ఆపి, కొనేవాళ్ళు ఏజెంటుతో ఒప్పందం మీద సంతకం పెడితే తప్ప ఇల్లు చూపించకూడదని కొత్త నియమం వచ్చిందన్నారు. మీరిచ్చిన ఒప్పందం కాగితం చదివాను. మంచి కాగితమే. కొనేవాళ్ళ తరఫున ఒక మనిషి ఉండడం న్యాయం.

తుంటి ఆపరేషన్ అయ్యాక నా భార్య వెర్నా మేడ ఎక్కలేకపోతోంది. మంచం పైన, మనిషి కింద. సోఫాలో ముడుచుకుని పడుకుంటోంది. ఆ పసుపు ఇంటికి మెట్లు లేవు. సంగతి అంతే.

అయినా మాకోసం మీకెందుకండీ శ్రమ? సంతకం పెట్టకుండానే కాగితం తిప్పి పంపుతున్నాను.

ఇట్లు, ఎల్మర్ స్కోగ్లండ్

తా.క. ఫోన్ చేయకండి, ఫోన్లో నాకు మాట రాదు. రూబార్బ్ జామ్ పంపుతున్నాను. సీసా తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇస్తే కాదనను.

సెప్టెంబరు 20

ఎల్మర్ గారూ, బాగున్నారా!

శ్రమేముందండీ, నా పనే అది. నా ఫీజు గురించి భయపడుతున్నట్టున్నారు. అది ముందు అమ్మేవాళ్ళనే ఇమ్మని అడుగుతాం, ఎంతో కాగితం మీదే ఉంది. ఆ ఒక్క ఇంటికే, ఒక్క నెలకే రాశాను. నేను నచ్చకపోతే మానేయొచ్చు. టెక్సస్ నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు గానీ పని మాత్రం బాగా చేస్తాను. దయచేసి సంతకం పెట్టండి.

మీ రొక్సాన్ టిడ్‌వెల్

తా.క. జామ్ ఆఫీసులో సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

సెప్టెంబరు 25. గడ్డి మీద తొలి మంచు పేరుకుంది. బంగాళాదుంపలు తవ్వాను.

టిడ్‌వెల్ అమ్మగారికి,

ఇంత వివరంగా రాశారు. మీ మంచితనం. కానీ వద్దులెండి. మాలాంటి వాళ్ళకి ఇంత మంచి షరతులు ఎక్కువ. ఇంకెవరికైనా పనికొస్తాయి.

ఇట్లు, ఎల్మర్ స్కోగ్లండ్

తా.క. ఈ వారం ఆల్డర్ వీధి మీదుగా కొన్నిసార్లు వెళ్ళవలసి వచ్చింది. పని మీదే. పని ఏమిటని వెర్నా అడిగింది. ఇంకా ఆలోచిస్తున్నాను.

అక్టోబరు 1

ఎల్మర్ గారూ,

అర్థమైంది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తాను. ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. శనివారం మినియాపొలిస్ నుంచి ఒక జంట ఆ ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. మీకు మరో మంచి ఇల్లు దొరకాలి.

మీ రొక్సాన్

తా.క. సీసా కడిగి పంపాను.

అక్టోబరు 3. ఈదురుగాలి. కట్టెలు కొట్టడం మొదలుపెట్టి మానేశాను.

టిడ్‌వెల్ అమ్మగారికి,

ఇంక ఇబ్బంది పెట్టనని రాశారు. గుమ్మంలో ఒకసారి అడిగారు, ఉత్తరంలో ఒకసారి. రెండయ్యాయి. మా ఊళ్ళో ఎవరైనా కాఫీ తాగమంటే మొదట వద్దంటాం. రెండోసారి మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారికి సరే, అరకప్పు అంటాం. ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. మీరు రెండు దగ్గర ఆగిపోయారు.

మీ ఉత్తరం చదివి వెర్నా, "ఏమయ్యా, కాఫీ దగ్గర మొహమాటం సరే, కొంప దగ్గర కూడానా? నీ మర్యాద తగలెయ్య! పోయి ఆవిడ్ని అడుగు!" అంది. నా అంతట నేను అడగడం బాగుండదు కదా.

ఇట్లు, ఎల్మర్ స్కోగ్లండ్

తా.క. ఇంకోసారి అడిగితే ఏమంటానో చెప్పను. పెన్ను మాత్రం రాస్తోందో లేదో చూసుకున్నాను.

అక్టోబరు 5

అయ్యో ఎల్మర్ గారూ!

మా టెక్సస్‌లో అడిగేలోపే కప్పు చాపుతాం. నాకేం తెలుసు?

నిన్న వెర్నా గారు పక్కింటావిడ కారులో మా ఆఫీసుకి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే "పెన్నేదమ్మా?" అని సంతకం పెట్టేశారు. ఇల్లు చూశారు. పడకగది నుంచి వంటింటికి చేతికర్రతో తనే నడిచారు. మినియాపొలిస్ జంట రాకముందే, వెర్నా గారితో కలిసి తిన్నగా ఇల్లమ్మే హెల్మ్ మామ్మగారి దగ్గరికెళ్ళి మన ధర చెప్పాను. "అబ్బే, పాత కొంపకి అంతెందుకు? వద్దులెండి" అన్నారావిడ. మళ్ళీ చెప్పాను. మళ్ళీ వద్దన్నారు. సంచీ తీసుకుని లేవబోతే వెర్నా గారు నా చెయ్యి పట్టుకుని లాగారు. "కూర్చో పిల్లా, ఇంకా రెండే అయ్యాయి!"

మూడోసారికి మామ్మగారు "సరే, మీరంతగా అంటుంటే" అన్నారు.

మీ సంతకం కూడా కావాలి. కాగితాలు జతపరిచాను. ముచ్చటగా మూడోసారి అడుగుతున్నాను.

మీ రొక్సాన్

తా.క. వెర్నా గారు జుట్టు కత్తిరించుకొస్తానని మీతో చెప్పి వచ్చారట. ఇంటికెళ్ళాక చాలా బాగుందని మీరు పొగిడారని ఫోన్లో చెప్పారు. ఆవిడ ఆ కొట్టు గుమ్మమే తొక్కలేదు.

నవంబరు 23. మంచు కురిసి ఆగింది. వాకిట్లో దారి చేశాను.

టిడ్‌వెల్ అమ్మగారికి,

సంతకం పెట్టి పంపిన రోజున కృతజ్ఞత రాయలేకపోయాను. వెర్నా అడిగేలోపే సంతకం పెట్టేసిందని మీరు ఆశ్చర్యపోయారు. నాకిది కొత్త కాదు. యాభై ఏళ్ళ కిందట నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే మొదటిసారే సరేనంది. ఏదో పొరపాటు జరిగిందని నేను హడలిపోయాను. మర్నాడు మళ్ళీ అడిగాను. "చెప్పానుగా" అంది. ఆదివారం చర్చి మెట్ల మీద మూడోసారి అడిగాను. "ఇంకోసారి అడిగావంటే వద్దనేస్తాను, నిజంగానే వద్దనేస్తాను" అంది. వద్దంటే నిజంగా వద్దనే మనిషి ఈ ఊళ్ళో ఆవిడ ఒక్కతే. అందుకే ఆవిణ్ణి మళ్ళీ ఏదీ మూడోసారి అడగలేదు.

పసుపు ఇంటికి సామాను తీసుకెళ్ళే లారీ వచ్చింది. వెర్నా తన దిండు చంకలో పెట్టుకుని అప్పుడే ముందు సీట్లో కూర్చుంది. మేడ మీద మంచం విప్పాలి, పొయ్యి గొట్టం ఇంకా ఊడదీయలేదు. మిగతాది ఆ ఇంట్లోంచి రాస్తాను.