సంచి మీద కలిసిన చేతులు

ఫిబ్రవరి 3
పొద్దున్నే ప్రాజెక్టు సారు ఫోను. "అమెరికాల కొత్త సర్కారు వచ్చింది గద. బయటి దేశాల సాయం ఆపమన్నదట. మనది సుత ఆగింది. ఇయ్యాల్టి సంది టీబీ పేషెంట్ల ఇండ్లకు పోకమ్మా."
సరే సార్ అన్నాను. మిగతా పేషెంట్లు నడిచి దవాఖానకు పోగలరు. నడవలేని ముసలి మల్లవ్వ పోలేదు. మూడు నెలలే నిండాయి, ఇంకా మూడు నెలలు మాత్రలు మింగాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని శిక్షణలో చెప్పింది ఈ ప్రాజెక్టువాళ్ళే.

ఫిబ్రవరి 4
పొద్దున ఎనిమిదైంది, రోజూ మాత్రలిచ్చే వేళ. మల్లవ్వ తలుపు తీసి పెట్టుకొని ఉంటుంది. నేను ఇక్కడ, ఇంట్లోనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 6
మొదట్లో మల్లవ్వ మాత్రలు వద్దంది. "మా ముసలాయన బొగ్గు బాయిల పనిచేసి దగ్గుతోనే పోయిండు. నేనూ గట్లనే పోత." అప్పుడే ప్రాజెక్టువాళ్ళు ఇచ్చిన నా సంచి మీది బొమ్మ చూసింది — కలిసిన రెండు చేతులు. "ఎవలు బిడ్డా, చేతిల చెయ్యేసి ఒట్టు పెడుతున్నరు?"
"అమెరికోళ్ళు అవ్వా. ఆర్నెల్లు మన చెయ్యి ఇడువరు."
నలుగురిలో నోరు విప్పలేని నేను, చూడని దేశం తరఫున మాట ఇచ్చాను. అది సాయమిచ్చేవాళ్ళు వేసుకున్న ఉత్త ముద్ర. కానీ నేనూ ఒట్టనే నమ్మాను.

ఫిబ్రవరి 9
మా ఆయన పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి టీవీ పెట్టాడు. అమెరికా అధ్యక్షుడు — మా దేశమే ముందు అంటున్నాడట. దోస్తు దేశాల సరుకు మీదా సుంకాలట.
"బాయిల పైకప్పు కూలేటట్టు చప్పుడైతే, పక్కోన్ని ఇడిసి ఒక్కడే ఉరికొచ్చినోడు... మల్ల వానితోని ఎవడు దిగుతడు?" అన్నాడు అన్నం కలుపుతూ.
"వానికేం ఫికర్రా, పెద్దోడు" అంది అత్త.
"పెద్దోడైతే ఏందే అవ్వా? దిగేటప్పుడు జత కావాలె గద."

ఫిబ్రవరి 15
దవాఖానకు వెళ్ళాను. మందులు మన సర్కారువే. మల్లవ్వ డబ్బా అలాగే ఉంది. ఇన్ని రోజులుగా ఎవరూ తీసుకుపోలేదు. ఆగిన మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమంది డాక్టరమ్మ. నర్సమ్మ డబ్బా నా చేతిలో పెట్టి, "నువ్వే ఇయ్యరాదు?" అంది.

ఫిబ్రవరి 16
మళ్ళీ సారు ఫోను. సాయానికి వేరే దేశంవాళ్ళు వస్తారేమోనట. కొత్త సంచులు ఇస్తారట. పాతవి పక్కన పెట్టమన్నాడు.
ఒట్టు మార్చడం అంత తేలికా...

ఫిబ్రవరి 17
సంచి లేకుండా మల్లవ్వ ఇంటికి వెళ్ళాను. డబ్బా కొంగులో. తలుపు సందులోంచి మల్లవ్వ —
"ఈపాలి ఏ దేశపోళ్ళ చెయ్యి పట్టుకొచ్చినవే?"
"ఎవలదీ లేదవ్వా. నేనే వచ్చిన."
"అయితే నువ్వే వెయ్యి ఒట్టు."
చెయ్యి బయటికి చాపింది. అంతా ఎముకలే. నా చెయ్యి లేవలేదు. రేపు అత్త పోవద్దంటే? జీతం లేని పనికి ఎన్నాళ్ళు పంపుతారు? ఒక్క మాట ఇవ్వడానికి ఇంత భయం నాకు ఇంతకుముందు లేదు.
చాపిన ఆ చేతిలో మాత్రలు పెట్టాను. పిడికిలి మూసింది.
"నా ముంగట మింగు అవ్వా."
"మింగుతనో, పారేస్తనో... నీకెందుకు చెప్పాలె?"
తలుపు పడింది.
గడప దగ్గరే నిలబడ్డాను. లోపల గ్లాసు చప్పుడు. నీళ్ళు వంచిన చప్పుడు. తర్వాత దగ్గు, చాలాసేపు...
మింగిందో లేదో.