కోయకూడని తీగ

ప్రియమైన అమ్మలూ,

దేవుని కృపలో నీకు సమాధానం కలగాలని కోరుతూ నాన్న రాస్తున్నాడు. నేనూ, మీ పిన్నీ, మన చిన్న సంఘమూ ఉన్నంతలో క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఉత్తరం కదా, ఆ ఒక్క ముక్కే నాలుగుసార్లు చదువుకున్నాను.

అడిగినవి చెబుతాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు సణుగుతుంది, దిగేటప్పుడు అరుస్తుంది. అమ్మ పోయినప్పటినుంచీ వంట మీ పిన్నిదే. ఉప్పు గురించి నేను నోరెత్తను. నా గొంతు ఇంకా వీధి చివరి దాకా వినబడుతోందని పక్కింటి టైలరు ఫిర్యాదు. ఇక "అమ్మ వేయించిన చెక్క జాలీ ఇంకా ఖాళీగానే ఉందా నాన్నా? మళ్లీ తీగ తెస్తే ఈసారి చూసి ఎంచుకో" అన్నావు. దానికి జవాబు కాస్త పొడుగు.

శుక్రవారం నర్సరీకి వెళ్లి మళ్లీ ఆ క్లెమాటిస్ పూలతీగే కావాలన్నాను.

"ఏ రకం అయ్యగారూ?" అంది అక్కడి ఆవిడ.

"తీగకి రకాలేంటమ్మా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇదివరకటిది ఏమైంది?"

"పదకొండేళ్లు పూయలేదు. పీకేశాను. తెల్లటి చిన్న పూలు, చలి తగ్గగానే పూస్తాయని చెప్పి అమ్మారు."

"కోసేవారా?"

"ఏటా చలికాలం. జానెడు మొదలు ఉంచి."

"ఇంకెక్కడి పూలండీ? ఆ రకం నిరుడు పెరిగిన కొమ్మ మీదే పూస్తుంది. మొగ్గలన్నీ మీ కత్తెరే తినేసింది."

ఆ కోత నువ్వెరిగిందే. చలికాలం మొదటి ఆదివారం సంఘాన్నంతా పెరట్లో నిలబెట్టి, ఫలించని కొమ్మను దేవుడు తీసి పారేస్తాడనే ద్రాక్షతీగ అధ్యాయం చదివి, అందరి ఎదుటా కోసేవాణ్ణి. జనం ఏడ్చేవారు. బడి మొహం చూడని వాణ్ణి, అక్షరాలు లేఖనాల మీదే దిద్దుకున్నవాణ్ణి. ఆ కన్నీళ్లే నాకు పట్టా. నువ్వు భర్త ఇల్లు విడిచి వచ్చిన ఏడు, అదే పెరట్లో, నీ కళ్లెదుటే ఆ తీగను వేళ్లతో సహా పెకలించాను. ఫలించని కొమ్మ నా ఇంటిదైనా పనికిరాదని గర్జించి, సంఘం పుస్తకంలో నీ పేరు కొట్టేశాను. తెల్లారేసరికి నువ్వు లేవు.

నర్సరీ ఆవిడ ఇంకో కుండీ చూపించింది. ఊదా రంగు, అరచేయంత పువ్వు. "మీ చేతికి ఇదే సరి. నేల దాకా కోసినా ఆ ఏడే చిగురించి పూస్తుంది." నా గుండె ఎగిరింది. వచ్చే ఏడు అది విరగబూస్తే నా ప్రసంగమంతా నిజమైపోతుంది. పాతది గొడ్డుతీగేనని అందరూ అనుకుంటారు, నిన్ను కూడా అలాగే. ఆ కుండీని చంకనెత్తుకుని గేటు దాకా వచ్చాను.

అక్కడే ఆగిపోయాను. ఎందుకు ఆగానో తెలియాలంటే ఇన్నేళ్లూ దాచిన మాట చెప్పాలి. ఆవిడ చెప్పింది నాకు కొత్త కాదు. తీగ నాటిన మూడో ఏడే మీ అమ్మ చెప్పింది: "ఏమండీ, కుండీతో వచ్చిన చీటీలో కోయొద్దని ఉంది. ఒక్క ఏడు వదిలి చూడండి."

"వాక్యం కన్నా చీటీ ఎక్కువా నీకు?" అన్నాను.

కన్ను మూసేదాకా ఆమె ఆ ఊసెత్తలేదు. నేను కత్తెర పట్టినప్పుడు వంటింట్లోకి వెళ్లిపోయేది. చీటీలోది నిజమని నాకు తెలుసమ్మా. ప్రసంగం రక్తి కట్టిందని కోశాను. నేనే దాన్ని గొడ్డును చేసి, దాన్నే నీ మీద సాక్ష్యంగా చూపించాను.

ఊదాది వెనక్కిచ్చి, ఆ తెల్ల రకమే తెచ్చి నాటాను.

ఆదివారం ఇదంతా సంఘం ముందు చెప్పాను. నీ పేరు కొట్టింది నా గర్వమేగాని దేవుడు కాదన్నాను. ఒక్కరూ ఏడవలేదు. గంట కొట్టే తాత మాత్రం, "అయితే ఈ ఏడు కూడా కోత లేదా అయ్యగారూ?" అన్నాడు. ఇక ఎన్నడూ లేదన్నాను. రెండు కుటుంబాలు నాతో మాట కలపకుండానే వెళ్లిపోయాయి. చివర్లో ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇంతకీ ఆ పిల్ల ఎందుకొచ్చేసిందయ్యా?" అంది.

నాకు జవాబు తెలియలేదు. కన్నతండ్రిని, నాకు తెలియలేదు.

భర్త ఇల్లు విడిచి వచ్చిన ఆ సాయంత్రం నువ్వు సంచీతో గుమ్మంలో నిలబడితే, నేను ఏం జరిగిందని అడగలేదు, లేఖనం తెరిచాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ ఇంట్లో నీకేం జరిగింది తల్లీ? చెప్పాలనిపిస్తేనే చెప్పు. ఇంటికి రమ్మని అడిగే ముఖం నాకు లేదు. కానీ నువ్వేం రాసినా చివరిదాకా చదువుతాను. జవాబులో ఒక్క వచనం కూడా చూపించను.

ఇట్లు,
నీ ఎదుట అపరాధి అయిన
నాన్న