బాపు కోళ్లకు ఫలక్‌నుమాలో చోటు

ఫలక్‌నుమా, 12-2-1979

అమ్మకు రాహేలు వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం.

"నా కోళ్లను ఇడిసిపెట్టి కంటి ఆపరేషన్‌కు రాను" అని బాపు మొండికేశాడట. కోళ్లను కూడా తెచ్చుకొమ్మని చెప్పు. మీ అల్లుడు పెరట్లో గూడు కట్టాడు. ముంగిస కిందినుంచి తవ్వుకొని రాకుండా ఉంటుందని, గుమ్మం పక్కనే సెప్టిక్ ట్యాంకు బండల మీద నిలబెట్టాడు! పక్కింటి మేస్త్రీ మల్లన్న చూసి లొల్లి చేశాడు. "ఏంది అన్నా గిది? రేపు ట్యాంకు నిండితే మూత ఎట్ల తీస్తవ్? బండ కుంగిందంటే కోళ్లన్నీ లోపల పడ్తయ్." ఇద్దరూ కలిసి ఆ గూడు విప్పి, దూరంగా వెనక గోడ వారకు మార్చారు.

కోళ్లు ఎన్నో రాయి. బోడిమెడ పుంజును మరిచిపోకండి. బస్సులో గంప మీద గుడ్డ గట్టిగా కట్టు. నూకలు మోసుకురావద్దు, ఇక్కడ దొరుకుతాయి. తమ్ముడి దగ్గు తగ్గిందా? దేవుడు మిమ్మల్ని క్షేమంగా చేర్చాలి.

గూడు దూరమైందని బాపును దిగులు పడవద్దను. ట్యాంకు మూతకు ఎడంగా, గుమ్మం నుంచి గూటిదాకా తాడు కట్టించాను. కంటికి కట్టు ఉన్నా, ఆ తాడు పట్టుకొని తనే వెళ్లి మేత వేయవచ్చు. చేతిలో నూకల గిన్నెతో నేను కళ్లు మూసుకొని రెండుసార్లు నడిచి చూశాను. ఒక్క గింజ ఒలకలేదు.

నీ బిడ్డ,
రాహేలు