దుప్పటి మీద నాడి

పద్మక్కకు,

పుణె నుంచి చెల్లెలు స్వరూప దండాలు. బావ నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. జొన్నరొట్టె దొరుకుతుంది గానీ మన అయిజ పల్లీల పొడి లేక ముద్ద దిగడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు.

నా పని ఏమిటని అడిగావు కదా. ఆరోగ్యం యాప్‌లు మామూలు జనానికి వాడడం వస్తుందో లేదో దూరం నుంచి చూడటమే. మన వైపు వాళ్ల ఫోన్ తెర నాకిక్కడ కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. మనిషి మాత్రం కనపడడు.

పోయిన నెల వనపర్తి పక్క ఊరి వెంకటయ్య తాతతో ఇట్లాగే ఫోన్ మీద కూర్చున్నాను. కెమెరా మీద వేలు పెడితే నాడి కొలిచే యాప్ అది. ఆయన నీళ్లు తాగొస్తానని ఫోన్ మంచం మీద పెట్టి వెళ్లాడు. తెర మీద గుండె బొమ్మ కొట్టుకోవడం మొదలైంది.

"తాతా, వేలు పెట్టినవా?"

"లేదు బిడ్డా, కుండ కాడున్న," అని దూరం నుంచి గొంతు.

తిరిగొచ్చి తెర చూసినట్టున్నాడు. "ఫోన్ కింద మా ముసల్దాని దుప్పటి ఉంది. ఆమె పోయి ఏడాదాయె," అన్నాడు.

తర్వాత అదే యాప్ తెరిచి నా ఫోన్ దిండు మీద పెట్టి చూశాను అక్కా. దిండుకూ నాడి వచ్చింది! ఆగిపోయిన గుండె కూడా కొట్టుకుంటోందని చెప్పే యాప్ అది. సరిచేసేదాకా ఎవరికీ ఇవ్వొద్దని మా ఆఫీసు వాళ్లతో గట్టిగా అన్నాను.

మరునాడు తాతకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"గట్లనా? దుప్పటికైతే వస్తుంది గని, పొద్దుగాల నుంచి నా వేలుకు వస్తలేదేంది బిడ్డా?"

మాట మధ్యలో ఆయాసపడుతున్నాడు. "యాప్ సంగతి ఇడ్సిపెట్టు తాతా, దవాఖానకు పో!" అని అరిచాను. వెంటనే, తాత మా దగ్గర రాయించిన పక్కింటి రాములమ్మ నంబరుకు ఫోన్ చేస్తే, ఆమె ఆటోలో వనపర్తి తీసుకుపోయింది. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందని చేర్చుకున్నారు. జర ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట.

తొందరలో ఫోన్ దుప్పటి మీదే మరిచిపోయారు. ఇంటికి తాళం. అయినా ఇక్కడ నా తెర మీద నాడి లెక్క వస్తూనే ఉంది. ఆయన దవాఖానలో ఉన్నన్నాళ్లూ వచ్చింది. ఇల్లు చేరిన పూట ఆగిపోయింది. చార్జింగ్ అయిపోయి ఉంటుందన్నారు మావాళ్లు. అన్నాళ్లు ఎట్లా నిలిచిందని నేను అడగలేదు.

తాత ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. నేనూ బాగానే ఉన్నాను, నిజంగా. పెద్దమ్మకు, బావకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. ఈ మాట ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు, అందుకే కాగితం మీద రాశాను. నువ్వూ రాసే పంపు.

నీ చెల్లెలు
స్వరూప