మన బండకి అవతలి సగం

అక్కా, సానచక్రానికి తగిలిన వేలు మానింది, అమ్మకి బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

నిన్న కాలేజీ ల్యాబులో మన గుట్ట నుంచి తెచ్చిన నల్లరాయినీ, సముద్రం అవతల నుంచి వచ్చిన ఇంకో నల్లరాయినీ గాజుపలకల మీద అతికించి వెలుగు దూరేంత పలచగా అరగదీశాను. తీరా చూస్తే పేర్లు గీయడం మరిచిపోయాను! ఏది ఎక్కడిదో నాకే తెలియక రెండూ పట్టుకుని మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. మేడమ్ తిట్టలేదు. మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, "నాకూ తెలియట్లేదమ్మాయ్. వయసూ ఒక్కటేనని ముందే తేలింది. ఇవి ఒకే నిప్పులో పుట్టాయి" అంది. కోట్ల ఏళ్ళ కిందట నేలంతా ఒక్కటేనట. అడుగు నుంచి కరిగిన రాయి ఉబికి దాన్ని చీల్చిందట, ఆ సందులోకి సముద్రం వచ్చిందట. గడ్డకట్టిన ఆ రాయి సగం ఇటు, సగం అటు మిగిలిందట.

దొడ్లో బట్టలుతికే బండ పగలగొట్టి సిమెంటు చేయిస్తానన్నాడట బావ. అదీ ఆ గుట్ట రాయే! పగలగొట్టనిచ్చావంటే నా మీద ఒట్టే. కుళాయి బాగుచేయించారా? చిన్నదాని దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు, బావకి కోపం తగ్గాక నా నమస్కారాలు.

రేపు ఉతికేముందు ఆ బండ మీద ఒకసారి అరచెయ్యి ఆనించు. సముద్రం అవతల దాని తోబుట్టువు మీద ఎవరి చెల్లెలు బట్టలుతుకుతోందో!

నీ చెల్లి