సుధ చెప్పిన ఫిరంగుల గురువు

ఫార్మింగ్టన్ హిల్స్ (కార్ల ఊరు డెట్రాయిట్ పక్కన), మార్చి 1982, శుక్రవారం

ఈ రోజు మా సుధ క్లాసులో ఒక జపాన్ పండితుడి జీవితం చెప్పింది. ఫిరంగుల విద్య కోసం, అప్పట్లో పాశ్చాత్య పుస్తకాలు జపాన్‌కి ఆ భాషలోనే వచ్చేవి కాబట్టి, ముప్పై దాటాక డచ్చి భాష నేర్చుకున్న మనిషి. దేశం దాటడమే నేరమైన ఆ రోజుల్లో శిష్యుడు అమెరికా ఓడెక్కబోయి దొరికితే, ప్రోత్సహించాడని గురువునీ ఏళ్ల తరబడి నిర్బంధించారు.

జపాన్ కార్ల వల్లే తండ్రి ఉద్యోగం పోయిందని ఒక అమ్మాయి మధ్యలో లేచి, ఆపమని అరిచిందట.

"నువ్వేమన్నావమ్మా?" కంగారుగా అడిగాను.

"మీ డాడీ జాబ్ పోయినందుకు సారీ అన్నాను నాన్నా. కానీ ఈయన అమెరికా నుంచి నేర్చుకోమన్నందుకే జైల్‌కి వెళ్ళాడు, స్టోరీ ఫినిష్ చేయనీ అన్నాను. ఫినిష్ చేశాను."

గర్వంగా దాని తల నిమిరాను. ఆఫీసులో జపాన్ వాళ్ల మీద ఇలాంటి అరుపులు వింటే నేను తల దించుకుని ఊరుకుంటాను. సుధనెవరైనా ఏమైనా అంటారేమోనని భయం. అయినా సోమవారం నేను కూడా తల దించుకోకుండా ఒక మాట అనాలి.