షోకేసులో నత్తగుల్లలు

మార్చి 9, ఆదివారం

మళ్లీ డ్యాం. ఈ నెలలో రెండు ఆదివారాలు, రెండు సార్లు.

నాగరాజు మామ పాత కారు కొన్నాడు, మా కుటుంబానికి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు మా ప్రపంచం ఇంతే — ఆదోని దాటితే ఎమ్మిగనూరులో మామ ఇల్లు, ఎమ్మిగనూరు దాటితే ఆదోనిలో మా ఇల్లు. ఇప్పుడు గోనెగండ్ల రోడ్డు కూడా కలిసింది. సామ్రాజ్యం విస్తరించింది.

గాజులదిన్నె కట్ట మీద కారు ఆపి, మామ రెండు చేతులూ చాచి — "ఏం కోడలా, గోవాకు ఏమన్నా తక్కువుండాదా?" మా ఇంట్లో గోవా చూసినవాళ్లు లేరు. కాబట్టి కాదనేవాళ్లూ లేరు.

నీళ్లు ఎక్కడో అడుగున, తిని లేచిన పళ్లెంలో మిగిలిన చారులా. ఇవతల చేపలు వేయించే రేకుల కొట్టు. మూడున్నర కాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు. ఫోటోలు దిగడానికి గుండె ఆకారంలో ఇనుప చట్రం — కుడి పక్క విరిగితే తీగతో కట్టారు. అందులో అమ్మా నాన్నా నిలబడ్డారు. నేను తీయాలి. నాన్న నవ్వబోతే దగ్గు. జిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్లు మింగిన పత్తి దుమ్ము సరిగ్గా ఫోటో తీసే వేళకే బయటికొస్తుంది. ఐదు ఫోటోలు. ఐదింట్లోనూ నోటికి తువ్వాలు.

ఇంగ్లీషు ఎం.ఏ. చదివి నేను చేస్తున్న పని ఇది.

మార్చి 10

మామ స్టేటస్: 'ప్రకృతి ఒడిలో'. ఆ ఒడిలో నా తల సగమే పట్టింది.

మార్చి 23, ఆదివారం

ఈసారి కట్ట మీద కాదు. "అవతలి గడ్డకు పోదాం పా బావా, ఆడ మంచి జాగాలుండాయి" అని మామ. కారు చేల మధ్య ఊగి ఊగి, నీళ్లు వెనక్కి తగ్గిన బయలు మీద ఆగింది. దిగగానే అమ్మ బొరుగుల ఉగ్గాణి డబ్బా తీసింది. చంద్రుడి మీద దిగినా మేం ముందు దుప్పటి పరిచి ఉగ్గాణీ బజ్జీ తింటాం. తర్వాతే చంద్రుడు.

కింద, నీళ్ల అంచున పుచ్చకాయల చేను. తిమ్మక్క అని ఒకామె, ఏటా వేసవికి అక్కడే సాగు చేస్తుందట. విచిత్రం — చేను అక్కడ, గుడిసె అరమైలు పైన, ఒక తెల్లరాయి పక్కన. కూడు వండాలంటే ఎక్కాలి, కాయ కోయాలంటే దిగాలి. "చేన్లోనే వేసుకోవచ్చు కదా గుడిసె" అన్నాను. నవ్వింది. "రాయి కింద పొయ్యి పెట్టం పాపా. మా యత్త కాలం నాటి కట్టు."

కట్టు! ఆలోచించే కష్టం తప్పించుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన మందు పేరు కట్టు. ఆ కట్టు కోసం రోజుకు పదిసార్లు ఎక్కి దిగుతోంది. మోకాళ్లు పట్టుకుని మరీ.

అమ్మకు మాత్రం నిధి దొరికింది. నత్తగుల్లలు. నేలంతా నెర్రెలు, నెర్రెల నిండా తెల్లటి బోలు నత్తగుల్లలు. కొంగు నిండా ఏరింది. "ఎంత ముద్దుగుండాయో సూడే!" చచ్చిన నత్తల ఇళ్లు. చూశాను.

దుప్పటి పరిచిన చోటికి కొంచెం పైన వరుసగా ఎర్ర జెండాలు. తెల్లచొక్కా మనిషి ఒకడు, మామకు తెలిసినవాడు, నాన్న చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. దూరం నుంచి నాకు వినపడిన మాట ఒకటే — "గాలి సూడన్నా, గాలి!"

మార్చి 24

షోకేసులో కొత్త ప్రదర్శన. నాకు రావలసిన గోల్డ్ మెడల్ కోసం అమ్మ ఖాళీగా ఉంచిన అరలో ఇరవై మూడు నత్తగుల్లలు.

మార్చి 30, ఉగాది

ఓళిగలు తింటూ నాన్న ప్రకటించాడు. ఏప్రిల్ ఆఖరుకు మిల్లు మానేస్తాడట. ఆ తెల్లచొక్కా మనిషి అమ్మే జెండాల స్థలం తీసుకుని రెండు గదులు వేస్తాడట. డాక్టరు దుమ్ము లేని చోట ఉండమన్నాడు కదా... "ఆడ నిలబడినంత సేపు నాకు దగ్గు రాల్యా. మీరెవరూ సూడల్యా?"

ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. నేను ఆ పూట నత్తగుల్లల మీద జోకులు కూర్చుకుంటున్నాను.

అయినా రెండు గదులా? అక్కడా? నీళ్లు ఒకవైపు, ముళ్లకంప మూడువైపులా. పొద్దున్నే లేచి మేం ముగ్గురం ప్రకృతి ఒడిలో ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం కాబోలు.

ఏప్రిల్ 4

బెంగళూరు నుంచి మెయిల్. ఈ ఉద్యోగమూ లేదు. 'మీ ప్రతిభకు తగిన అవకాశం త్వరలోనే' అట. నా ప్రతిభ వాళ్లకు తెలిసినట్టు.

సరిగ్గా అప్పుడే నాన్న వచ్చి నా ఒళ్లో కాగితాలు పెట్టాడు. స్థలం అగ్రిమెంటు. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. "సదువు పాపా. మనింట్లో నీయంత సదివినోళ్లు ఎవరుండారు?"

రెండు పేజీలు చదివాను. అదే సరుకు, ఇంగ్లీషు వేషంలో — ఇందుమూలముగా, సదరు, పైన పేర్కొన్న. మిగతావి ఊరికే తిరగేశాను. "అంతా బాగానే ఉంది. పెట్టు సంతకం."

"బాగా సూసినావా?"

"చూశాన్లే నాన్నా!"

ఏప్రిల్ 5

సంతకం పెట్టాడు. వీధిలో కనపడినవాడికల్లా చెబుతున్నాడు: "మా పాప అంతా సదివి సెప్పింది."

ఏప్రిల్ 13, ఆదివారం

స్థలంలో పిక్నిక్. ఇల్లు కట్టక ముందే ఇంట్లో తిరగడం ఎలాగో మా వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అమ్మ పాత చీరతో కొలతలు. "ఈడ వంటిల్లు. ఈడ దేవుడు." మామ పుల్లతో గీత గీసి, అందులో అడ్డంగా పడుకుని — "బావా, ఇది నా రూము. నేనొస్తే ఈడే పండుకుండేది."

"నీ పొట్టకు ఈ రూము సాలదురా" అని అమ్మ.

మామకూ ఇక్కడే రెండు స్థలాలున్నాయట. పక్కపక్కనే. నవ్వొచ్చింది. ఎమ్మిగనూరులో తువ్వాళ్లు, దుప్పట్లు అమ్మేవాడు, నీళ్ల పక్కన జమీందారు.

నాన్న వరండా అనుకున్న చోట కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి నేనూ గమనించాను. గంటన్నర. దగ్గలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

వరసగా రాయాలి.

వాళ్లు కొలతలు వేస్తుంటే నేను పుచ్చకాయ కోసం పైకి, తిమ్మక్క గుడిసెకు వెళ్లాను. గుడిసె మీది గడ్డి విప్పుతోంది. అప్పుడే ఎందుకన్నాను. "వానలు మొదలైతే ఏముంటాది పాపా ఈడ? పోయినేడు నీళ్లు మా పొయ్యి కాడికి వచ్చినాయి."

ఏ నీళ్లు?

నన్ను వింతగా చూసింది. తెల్లరాయి మీద చెయ్యి వేసి — "ఇది డ్యామోళ్లు పాతిన రాయి గదా. నిండితే ఈడ దాకా వస్తాయి. రాయి కింద పొయ్యి పెడితే పొయ్యిలో చేపలు తిరుగుతాయనేది మా యత్త."

నేను వెనక్కి తిరిగి చూశాను. రాయికి చాలా కింద, చీర పట్టుకుని అమ్మ. వంటింటి మూల దగ్గర నాన్న.

"మీ నాయనకు తెల్దా? సదువుకున్నోళ్లు, తెలిసే కొన్యారనుకుంటి."

ఆ నెర్రెలు. ఆ నత్తలు నడుచుకుంటూ వచ్చి చావలేదు అక్కడ. అమ్మ నెల రోజుల నుంచి సాక్ష్యం ఏరి తెచ్చి షోకేసులో పెడుతోంది, నేను జోకులేస్తున్నాను. మామ కారు కొన్నది ఈ ఏడే. మేం డ్యామును ఎండల్లోనే చూశాం. మా ఎండిన ఊళ్లవాళ్లకు నీళ్లంటే తగ్గేవే తెలుసు. పెరిగే నీళ్లు మా ఊహకు అందవు. కోసిగి నుంచి కోడుమూరు దాకా ఎవర్నడిగినా అంతే.

ఇంటికి రాగానే కాగితాలు తీశాను. తొమ్మిదో పేజీ. ఒకే వాక్యం, నాలుగు వరుసలు: స్థలం పూర్తి నీటిమట్టానికి దిగువన ఉన్నదని, ఏటా మునగవచ్చని కొనేవారికి తెలుసునని, చదివి అర్థం చేసుకునే ఒప్పుకున్నారని.

ఇంతకంటే పొడవైన వాక్యాలు విడగొట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఏప్రిల్ 21

ఇంకా ఆపొచ్చు. శుక్రవారం కాదు, వచ్చే శుక్రవారం రిజిస్ట్రేషన్. ఆలోగా చెబితే చాలు. అది దాటితే మిగతా డబ్బూ కట్టేస్తాడు, మిల్లు జీవితమంతా నీళ్ల కిందికి.

ఏప్రిల్ 22

అమ్మతో మొదలుపెట్టాను. రొట్టె తడుతోంది.

"అమ్మా, ఆ స్థలంలోకి నీళ్లు..."

"మొదలుపెట్టినావా? నీకేది నచ్చింది కనక? కారు నచ్చదు, డ్యాం నచ్చదు, నేను తెచ్చిన నత్తగుల్లలు నచ్చవు. మీ నాయన జలమకు ఒగటి అడిగినాడు, అదీ నచ్చలే."

"కాదమ్మా, నిజంగా—"

"నిజంగానే అంటాండా. పో, కారం రోలు తీసుకురా."

రోలు తెచ్చి ఇచ్చాను.

ఏప్రిల్ 24

మామకు ఫోను. మునుగుతుంది అని సూటిగానే చెప్పాను. స్పీకరులో పెట్టాడు, షాపులో ఎవరో నవ్వారు. "కోడలికి గోవానే కావాలంటప్పా! మ్మే, నీళ్లు దగ్గరికొస్తే ఇంకా మంచిదే గదా, లేక్ వ్యూ అంటే అదే మరి!"

మోసగాడేమో అని అనుమానపడ్డాను. కాదు. మోసగాడైతే బాగుండేది, పోట్లాడేదాన్ని. తనవే రెండు స్థలాలు మునగబోతున్న మనిషి, పగలబడి నవ్వుతున్నాడు.

ఆరేళ్లుగా ఈ ఇంట్లో ప్రతిదాన్నీ వెక్కిరించాను. ఇప్పుడు నా నోట ఏ మాటొచ్చినా వెక్కిరింతలాగే వినపడుతోంది. తప్పు వాళ్ల చెవులది కాదు.

ఏప్రిల్ 25

చెప్పే దారి ఒకటే మిగిలింది. కాగితం తెరిచి, 'ఆ రోజు నేను చదవలేదు నాన్నా' అనడం.

అనలేదు.

ఏప్రిల్ 26

నాన్న మిల్లులో ఈరోజే చివరి పూట. శాలువా కప్పారు, స్వీటు పెట్టారు. శాలువా అమ్మకిచ్చి, నా దగ్గర కూర్చున్నాడు.

"పాపా, బుధవారం భూమిపూజకు మనోళ్లంతా వస్తారు. మిల్లోళ్లు కూడా. అప్పుడు ఆ కాగితాలు నువ్వు అందరి ముందర సదవల్ల. ఒగొగ ముక్కా తెలుగులో సెప్పు. మా పాప ఇంగ్లీషు ఎట్ల సదువుతాదో ఇననీ."

"ఎందుకు నాన్నా అదంతా..."

"నాకు ఇనాలనుంది." మిగిలిన స్వీటు నా చేతిలో పెట్టి, "నువ్వు సంతోషంగా ఏదన్నా సదివితే సూసి శానా దినాలైంది" అన్నాడు.

ఏప్రిల్ 29

స్నానాల గదిలో అద్దం ముందు తొమ్మిదో పేజీ తెలుగులోకి మార్చి చూశాను. ఎలా తిప్పినా మునుగుతోంది.

ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. పొద్దున.

అమ్మ పరమాన్నానికి సామాను కట్టింది. పొయ్యి కోసం మూడు ఇటుకలు, పసుపు రాసి బొట్లు పెట్టి. రాయి కింద పొయ్యి.

నాన్న ఇస్త్రీ చొక్కా. లేచినప్పటి నుంచి ఒక్కసారీ దగ్గలేదు — ఇంకా ఆదోనిలోనే ఉన్నాం, అయినా.

వాకిట్లో కారు. మామ హారన్. "కోడలా! గోవాకు టైమైంది!" లోపల అందరూ నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకో.

కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. మనం పట్టుకుంటే నలుగుతాయి, పాప దగ్గరే ఉండనీ, అని అమ్మతో అన్నాడట నాన్న. పక్కన ఒక నత్తగుల్ల కూడా వేసుకున్నాను, షోకేసులోంచి తీసి. అమ్మ చూసింది.

మళ్లీ హారన్.

ఎనిమిది పేజీలు తడబడకుండా చదవగలను. ఆ తర్వాత పేజీ తిప్పాలి. అందరూ చూస్తుంటారు. నాన్న ముందు వరసలో, చెవికి చెయ్యి ఆనించుకుని...